చోటూ తీరూ

వంగు, లాగు, ఆగు. తెడ్డు నీళ్ళలోంచి లేచి చినుకులు రాల్చుకునే ఆ ఒక్క క్షణమే ముఖ్యం అంటాడు మెల్విన్, ఆ క్షణంలోనే పడవ జోరు తగ్గి, వెనకెక్కడో నీళ్ళ అడుగున లాక్కొస్తున్న చెక్క చేప తడబడి, పక్కకి ఒరిగి, నెమ్మదిగా పైకి తేలుతుంది, అది చూసి మస్కీ, ఈ సరస్సులో చేపల్ని తినే ఆ పెద్ద చేప, ఇదేదో జబ్బు చేప అనుకుని నోరు తెరుస్తుంది, అందుకని ఆర్డిస్ ఆగుతుంది. ఆగకపోతే ఎదుటివాడి కనుబొమ్మ లేస్తుంది. నోటితో ఒక్క మాట అనడు, మంచివాడు కదా, ఆ కనుబొమ్మ ఒక్కటి లేపి ఊరుకుంటాడు, పెళ్ళైన కొత్తలో ఆ కనుబొమ్మని చూసే మురిసిపోయింది తను, ఇప్పుడేమో ఆకురాయి పెట్టి దాన్ని అరగదీసేయాలనిపిస్తుంది. తెడ్లు వేసే మనిషి పడవ పోయే దిక్కుకి వీపు పెట్టి కూర్చోవాలి, గాలం పట్టిన మనిషి వెనక బల్ల మీద ఎదురుగా కూర్చోవాలి, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరలో, ఎవడు కనిపెట్టాడో గానీ ఈ ఏర్పాటు, పెళ్ళాం కళ్ళకి మొగుడి మొహం తప్ప ఇంకోటి ఆనకుండా. ఇంట్లో అయితే విసుగొస్తే లేచి వంటగదిలోకి పోవచ్చు, గిన్నెలు చప్పుడు చేయొచ్చు, పడవలో ఎక్కడికి పోతుంది, చుట్టూ నల్లటి నీళ్ళు, కిందా నల్లటి నీళ్ళు. తోలు చేతితొడుగుల లోపల ఉన్ని తొడుగులు, వాటి లోపల వేళ్ళు, ఆ వేళ్ళు తనవేనని తెలియడం ఎప్పుడో మానేసింది.

ఈ పూటతో ఆఖరు. నవంబరు అయిపోయింది, రేపటి నుంచి మస్కీ పట్టడానికి చట్టం ఒప్పుకోదు, చట్టం ఒప్పుకున్నా సరస్సు ఒప్పుకోదు, మధ్యాహ్నం రేవు దగ్గర అంచున కట్టిన పలచటి మంచుని తెడ్డుతో పగలగొట్టుకునే బయటికొచ్చారు, ఇంకో రెండు చలిరాత్రులు పడితే సరస్సంతా మూసుకుపోతుంది. సూర్యుడు అవతలి గట్టు పైన్ చెట్లకి బెత్తెడు ఎత్తులో ఉన్నాడు. ఆ బెత్తెడు దిగేలోపల చేప పడితే ఆర్డిస్ ఊళ్ళోకి పోతుంది, పడకపోతే ఈ చలికాలమూ ఇక్కడే, వచ్చే వేసవీ ఇక్కడే, ఈ బల్ల మీదే, ఈ మొహానికి ఎదురుగానే. మాటిచ్చాడు మరి. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ పెద్దదాన్ని ఒక్కసారి పట్టనీ, చేతుల్లోకి ఎత్తుకుని చూసి వదిలేస్తాను, ఆ తర్వాత నువ్వెక్కడికంటే అక్కడికి, అన్నాడు. ఏడ్చాడు కూడా. మెల్విన్ ఏడవడం అదే చూడటం, అందుకే నమ్మింది. ఎప్పుడూ ఏడవని మనిషి ఏడిస్తే నమ్మకుండా ఎలా ఉంటారు ఎవరైనా.

మార్చి నెల. కట్టెలు తేవడానికి పెరట్లోకి వెళ్ళింది, నాలుగు కట్టెలు చేతిమీద పేర్చుకుంది, పైన పలచగా పడ్డ మంచు, దానికింద గాజులా గట్టిపడ్డ మంచు, కాలు ఎప్పుడు పోయిందో కూడా తెలీదు, తుంటి విరిగిన చప్పుడు మాత్రం విన్నది, ఎండుపుల్ల విరిగినంత చిన్న చప్పుడు. మెల్, మెల్ అని అరిచింది. తర్వాత డబ్బాలో మిగిలిన కాఫీపొడి గురించీ, పొయ్యి మీద పెట్టిన బంగాళాదుంపల గురించీ ఆలోచించింది, అవి మాడిపోతాయే అని నిజంగానే దిగులుపడింది. కాసేపటికి చలి కూడా వెయ్యలేదు, అది మంచి లక్షణం కాదని తెలుసు, తెలిసి కూడా హాయిగానే అనిపించింది, ఇప్పటికీ అదీ భయం. పొద్దు వాలాక దారిలో మంచు తోసే బండివాడు వచ్చి చూశాడు కాబట్టి సరిపోయింది, వాడు ఆ రోజు రాకపోతే ఎవరొస్తారు. వంగు, లాగు, ఆగు. తుంటిలో వేసిన మేకులు చలికి సలుపుతున్నాయి, ఆగినప్పుడు ఎక్కువ.

"కాస్త కుడికి పట్టు, ఆర్డిస్."

పట్టింది. కుడికంటే కుడికి, ఎడమకంటే ఎడమకి, తన కుడి అతని ఎడమ, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళకి ఆ తికమక ఎప్పుడూ ఉంటుంది, ఇన్నేళ్ళలో అతను తన కుడినే కుడి అంటాడు, ఆమే మనసులో తిప్పుకోవాలి. గాలపు కర్రకి దారం పోయే కళ్ళలో మంచు పేరుకుంటోంది, అతను కర్ర కొసని నీళ్ళలో ముంచి కరిగించి మళ్ళీ పైకి తీశాడు. అదివరకు తెడ్లు ఆమెవి కావు. మెల్విన్ పట్టుకుంటే అన్న ఐనర్ తెడ్లు వేసేవాడు, ఐనర్ పట్టుకుంటే మెల్విన్ వేసేవాడు, ఆర్డిస్ ఒడ్డున ఉండి ఇద్దరికీ కాఫీ కాచేది, అదే బాగుండేది. తర్వాత ఇంటికప్పు మీద మంచు తోస్తూ జారిపడి మెల్విన్ ఎడమ భుజం పాడుచేసుకున్నాడు, బాగయ్యాక ఒకసారి తెడ్లు పట్టుకుంటే కుడి చెయ్యి లాగినంత ఎడమ చెయ్యి లాగక పడవ ఉన్నచోటే గిర్రున తిరిగింది, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వు అయ్యాక తెడ్లు ఆమె చేతికొచ్చాయి. అప్పటికే అన్నదమ్ములకి చెడింది.

ఎందుకు చెడిందంటే పైవాళ్ళెవరికైనా చెప్పడానికి సిగ్గు. పొలం కాదు, అమ్మ నగ కాదు, చేప. ఐనర్ ఎప్పుడూ అనేవాడు, చోటుంటే చాలురా, అది ఉన్నచోట పాతచెప్పు వేసి లాగినా పట్టుకుంటుంది, లేనిచోట నువ్వు బంగారపు ఎర వేసి డాన్సు చేయించినా నీళ్ళు నిన్ను చూసి నవ్వుతాయి అని. మెల్విన్ ఒప్పుకోడు. అది ఎక్కడుందో కాకికీ తెలుసు, ఉన్నంత మాత్రాన నోరు తెరవాలని రూలుందా, కడుపు నిండా తిని దుంగలా పడుకున్నదాన్ని రెచ్చగొట్టాలి, ఉడికించాలి, ఎర ఆడించే తీరులో ఉంది అంతా అనేవాడు. చర్చి కింది గదిలో ఆదివారం కాఫీ దగ్గర కూడా ఇదే గొడవ, మెల్విన్ బల్లగుడ్డ మీద వేలితో ఎనిమిది అంకె గీసేవాడు, పడవ పక్కన ఎరని ఆఖర్న అలా తిప్పాలట, ఐనర్ ఆ గుడ్డ మీదే కాఫీ చుక్క ఒకటి వేసి ఇదిగో చోటు అనేవాడు, పాస్టరు గారు పళ్ళెం తీసుకుని లేచిపోయేవారు. ఒక శరదృతువులో ఐనర్ తెడ్లు వేస్తూ చోటు చూపించాడు, మెల్విన్ గాలం పట్టుకుని ఎర ఆడించాడు, ఇద్దరూ కలిసి మనిషి మొల ఎత్తు దాటిన మస్కీని పడవలోకి లాగారు. ఇక చూడు. చేప ఎవరిది? దాని తోలులో పొట్టు కూరి సారాకొట్టులో గోడకి బిగిస్తే కింద మెల్విన్ పేరున్న పలక ఐనర్ ఊడబెరికాడు, ఐనర్ పేరున్నది మెల్విన్ ఊడబెరికాడు, కొట్టువాడికి విసుగెత్తి పలక లేకుండా వదిలేశాడు. ఇప్పటికీ పేరు లేకుండానే నోరు తెరుచుకుని వేలాడుతోంది. అన్నదమ్ములు ఇద్దరూ ఒప్పుకున్న సంగతి ఒకే ఒకటి, ఎర కరిచి తప్పించుకున్న మస్కీ దూరం పోదు, ఒళ్ళు మండి అక్కడక్కడే తిరుగుతుంది, చీకటి పడేలోపల ఇంకోసారి వస్తుంది. అది కూడా వేరువేరుగానే ఒప్పుకున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే కదా.

మాట్లాడుకోకుండానే ఐనర్ పోయాడు. ఊళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమంలో, మెల్లిగా, గది కిటికీ పక్కన. ఆర్డిస్ ప్రతి గురువారం మూత గిన్నెలో వేడివేడిగా ఏదో ఒకటి పట్టుకెళ్ళేది, జింకమాంసం కూరో, నూడుల్సూ చికెనూ కలిపి ఓవెన్‌లో పెట్టిందో, అతను రెండు చెంచాలు తిని ఇక చాలమ్మాయ్ అనేవాడు. ఒకరోజు గిన్నె పక్కకి తోసి, తలుపు వెయ్యమన్నాడు. చర్చి శిఖరం కనిపిస్తూ ఉంటుంది కదా, అది వెళ్ళి పిడుగుపడ్డ పైన్ చెట్టు వెనక దాక్కోవాలి, అదే సమయంలో పక్కన చూస్తే లిండ్‌క్విస్ట్ వాళ్ళ పడవల కొట్టం తలుపు రెండు రాళ్ళ నడుమకి రావాలి, ఆ రెండూ కుదిరిన చోట నీళ్ళడుగున దుంగలవ్యాపారం నాటి రాళ్ళగూడు, దుంగలతో పెట్టెలా కట్టి రాళ్ళు నింపింది, ఉంది, మా పెద్దది దానిమీదే పడుకుంటుంది అన్నాడు. మా పెద్దది అన్నాడు, కూతురి గురించి చెప్పినట్టు. చిన్నోడికి చెప్పకు, ప్రమాణం చెయ్యి అన్నాడు. చేసింది. చచ్చిపోయే మనిషి అడిగితే చెయ్యనని ఎలా అంటుంది. దిండు కిందినుంచి పాత చెక్క ఎర తీసి చేతిలో పెట్టాడు, ఎర్రటి తల, తెల్లటి ఒళ్ళు, రంగంతా పెచ్చులూడి, ఒక కన్ను లేదు, ఇలాంటిదాన్ని మెల్విన్ చూస్తే వారం రోజులు నవ్వుతాడు. దానికి వేలాడే మూడు గాలపు ముళ్ళ గుత్తులకి బెరడుముక్కలు గుచ్చి కోటు లోపలి జేబులో పెట్టుకుంది, ఇప్పుడూ అక్కడే ఉంది, వంగినప్పుడల్లా పక్కటెముకకి తగులుతుంది.

మెల్విన్ ఒక్కసారే వెళ్ళాడు. ఆఖర్న, ఐనర్ మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాక. వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు, మంచం వైపు చూడలేకపోయాడేమో, కిటికీలోంచే చూస్తూ నిలబడ్డాడు, బయట ఏముంది, ఆగిన కార్లు, మధ్యలో మురికి మంచు కుప్ప. ఇంటికొచ్చాక నేరుగా సరస్సు ఒడ్డుకి పోయి నిలబడ్డాడు. అన్న కోసం బెంగ అనుకుంది ఆర్డిస్, మనసులో జాలిపడింది కూడా.

తను పోదామనేది ఆ ఆశ్రమానికి కాదు కదా, ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టడు. మందులషాపు పైన మేడమీద మూడు గదులు, డొలొరెస్ ఉండేది ఆ పక్కవాటాలోనే, చిన్నప్పటినుంచీ చర్చి పాటలు కలిసి పాడిన డొలొరెస్. కట్టెలు మొయ్యక్కర్లేదు, గోడలోంచే వెచ్చదనం వస్తుంది. శుక్రవారం సాయంత్రం కిందికి దిగి వీధిలో నాలుగడుగులు వేస్తే వేయించిన చేప, క్యాబేజీ, రై రొట్టె, పేకాట. అదంతా కూడా అక్కర్లేదు ఆమెకి, ఒక్కటి చాలు. మొన్న చూడటానికి వెళ్ళినప్పుడు డొలొరెస్ తన వాటాలోకి పోయి గోడమీద వేళ్ళతో కొట్టింది, టక్ టక్, ఇవతల ఖాళీ గదిలో నిలబడి ఆర్డిస్ కూడా కొట్టింది, టక్ టక్, అవతలినుంచి నవ్వు వినపడింది. కొడితే పలికే గోడ. ఆ గదిలో నిలబడి ఏడ్చేసింది, దుమ్ము పడిందని అబద్ధం చెప్పింది. వాటా ఇంకెవరికో చూపించాలి, రేపు పొద్దున్నకల్లా ఏ సంగతీ చెప్పు తల్లీ అంది ఇంటావిడ, ఎంతకాలమని ఆపుతుంది పాపం. వంగు, లాగు. ఆగడం మరిచిపోయింది. కనుబొమ్మ లేచింది.

బెత్తెడు కాస్తా రెండువేళ్ళయింది. ఇంకా ఇటే తిప్పుతున్నాడు, ఈ లోతులేని రెల్లు పక్కన, అక్టోబరులోనే చచ్చిపోయిన కలుపు పక్కన, ఇక్కడ మస్కీ ఉండదని తనకే తెలుస్తోంది, చలికి అవి లోతుకి, రాళ్ళ దగ్గరికి పోతాయని ఇతనే కదా నేర్పాడు. అయినా ఇటే. ఎర మాత్రం ముద్దొస్తోంది, వేసవంతా కూర్చుని చెక్కాడు, పొలుసుకి పొలుసు రంగేశాడు, రాత్రి భోజనాలయ్యాక వంటింటి బల్లదగ్గర కూర్చుని ముళ్ళు సాన పెట్టేవాడు, ఆకురాయి చప్పుడు వింటూ ఆమె గిన్నెలు తోముకునేది, గరగర, గరగర, పెళ్ళైనప్పటినుంచీ రాత్రిళ్ళంటే ఆ చప్పుడే, అది లేకపోతే నిద్రపట్టదేమో. ఈ ఏడు ఇంకాస్త ఎక్కువసేపే వినపడింది. మాటిచ్చాడు కదా, అందుకే అంత శ్రద్ధ అనుకుంది. తన కోసం అంత కష్టపడుతున్న మనిషికి చోటు తెలిసి కూడా చెప్పకుండా కూర్చుందే తను, కాఫీ పోస్తూ రోజూ ఆ మాటే నోటిదాకా తెచ్చుకునేది. ఐనర్, నన్ను క్షమించు బాబూ. నువ్వు చచ్చిపోయావు. నీకిప్పుడు చలి లేదు, కట్టెలు లేవు, తుంటి లేదు. నేను బతికున్నాను. నోటితో చెప్పనని కదా ప్రమాణం చేశాను, చెప్పను, చేతులతో తీసుకెళ్తాను, ఇలాంటి మెలికలు దేవుడి దగ్గర చెల్లుతాయా అంటే చెల్లవని తెలుసు, తెలిసే చేస్తున్నాను. ఎడమ తెడ్డు పైకెత్తి ఉంచి కుడి తెడ్డు రెండుసార్లు గట్టిగా లాగింది. పడవ ముక్కు నడిసరస్సు వైపు తిరిగింది.

ఇటెందుకు, అన్నాడు మెల్విన్. గాలి తోస్తోంది, అంది. గాలెక్కడుంది, నీళ్ళు నూనెలా ఉన్నాయి. అతను ఆమె భుజం మీదుగా ముందుకు చూశాడు, తర్వాత ఆమెని చూశాడు. కర్ర కొస నీళ్ళలో ముంచి మంచు కరిగించుకున్నాడు. అతని వెనక గట్టు మీద చర్చి శిఖరం మెల్లగా పైన్ చెట్ల మీదుగా జరుగుతోంది, పిడుగుపడ్డ చెట్టు ఇంకా దూరం, వంగు, లాగు, ఆగు, ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ ఆగలేదు ఆమె, ఐనర్ చోటూ ఇతని తీరూ రెండూ తన భుజాల్లోనే ఉన్నాయి ఇప్పుడు, పడవ తనది, ఎర ఆగేదీ కదిలేదీ తన చేతులతో, ఈ ఇద్దరూ పలకలు ఊడబెరుక్కున్నారు గానీ తెడ్డు వేసిన మనిషి సంగతి ఒక్కరైనా అడిగారా. శిఖరం చెట్టుని ముట్టుకుంది. పక్కన కొట్టం తలుపు మొదటి రాయి వెనకనుంచి బయటికొస్తోంది. శిఖరం మాయమైంది. ఆర్డిస్ తెడ్లు పైకెత్తి ఆగింది, ఒకటి, రెండు అని లెక్కపెట్టుకునేంత సేపు ఆగింది.

కర్ర కిందికి పోయింది. వంగడం కాదు, ఎవరో చెయ్యిపెట్టి నీళ్ళలోకి లాగినట్టు పోయింది, దారం చుట్టిన చక్రం కీచుమంది. లాగు ఆర్డిస్, లాగు, అన్నాడు మెల్విన్, దారం బిగువుగా ఉండాలి కదా, ఆమె లాగింది, తుంటి గింటి మరిచిపోయి లాగింది. పడవకి వెనక, అంత దూరంలో, నీళ్ళు పగిలి చేప పైకి లేచింది. దాని ఒళ్ళంతా ఒక్కసారి కనపడింది, అంత పొడుగు, పక్కలకి రాగిరంగు, తలకాయ కుక్క తలకాయంత, నోరంతా పళ్ళు, తల అటూ ఇటూ విదిలించింది, పొలుసుకి పొలుసు రంగేసిన ఆ చెక్క ఎర దాని పళ్ళ మధ్య గలగలమంది. మందులషాపు మేడ, గోడ, టక్ టక్, అన్నీ ఆ రాగిరంగులో కనపడ్డాయి. తర్వాత కర్ర తిన్నగా నిలబడింది.

"పోయింది," అన్నాడు మెల్విన్.

చేప వైపు చూడలేదు ఆమె, చూడటానికి ఏముంది ఇంక, ఎదురుగా ఉన్నదాన్నే చూసింది, ఎప్పుడూ చూసేదాన్నే. ఆ మొహం కుంగిపోవాలి కదా. బూతులు రావాలి, టోపీ తీసి పడవలో కొట్టాలి, ఐనర్ అయితే అదే చేసేవాడు. మెల్విన్ భుజాలు మెల్లగా కిందికి దిగాయి, నోరు కొంచెం తెరుచుకుని పొగలాంటి ఊపిరి వదిలాడు. ఈ మొహం తనకి తెలుసు. అతని ఊపిరితిత్తిలో ఏదో మచ్చ ఉందన్నారు ఆమధ్య, పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు వచ్చి ఏం లేదయ్యా అన్నాడు, అప్పుడు ఇదే మొహం. బతికిపోయానన్న మొహం.

దారం చుట్టుకుంటూ ఎరని పడవ దగ్గరికి తెచ్చాడు, అది వచ్చి తెడ్డుకి చుట్టుకుంది, అతను అందుకోబోయేలోపల ఆర్డిస్ తొడుగు తీసేసి తనే చేత్తో పట్టుకుంది. వదిలెయ్ వదిలెయ్, ముళ్ళు గుచ్చుకుంటాయి, అన్నాడు గబగబా. చెక్కమీద చేప పళ్ళు దిగిన గాట్లు, రంగు చీలి లోపలి తెల్లటి కొయ్య కనపడుతోంది, అంత గట్టిగా కరిచింది. ఇక్కడ పుట్టిన ఆడపిల్లకైనా ముల్లు ఎలా చూడాలో తెలుసు, బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా లాగాలి, పదునుంటే గోట్లో దిగి ఆగుతుంది. ఆనించి లాగింది. జారిపోయింది. రెండో ముల్లు జారిపోయింది. చివరి గుత్తిదీ జారిపోయింది. కొసలన్నీ గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ, ఓపిగ్గా చేసిన పని, తొందరపడి చేసింది కాదు. గరగర, గరగర. ఆమె చేతిలో గిన్నె, అతని చేతిలో ఆకురాయి, వేసవంతా.

"ఎప్పటినుంచి?" అంది.

"రాళ్ళకి తగిలి..." అని మొదలుపెట్టి ఆపేశాడు. పడవ నిలిచిపోయింది, ఆమె తెడ్లు వెయ్యడం లేదు. అతను తొడుగుల వైపు చూసుకున్నాడు. ఆసుపత్రినుంచి వచ్చినప్పటినుంచే, అన్నాడు చివరికి. ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు, నేనైతే ఇటు రానివ్వలేదు, నువ్వే తెచ్చావు అన్నాడు, తప్పు ఆమెదన్నట్టు. నీకు చోటు తెలుసా అంటే తెలుసన్నాడు, మా నాన్న ఇద్దరికీ చూపించాడు, చిన్నప్పుడే, శిఖరమూ చెట్టూ, ఐనర్‌కి తనొక్కడికే తెలుసని చెప్పుకోవడం ఇష్టం, చెప్పుకోనిచ్చాను, అన్నాడు. ఆమె ఆ ప్రమాణాన్ని ఎన్ని రాత్రులు మోసిందో, ఎంత అపరాధంగా మోసిందో, దాని బరువు కాణీ కూడా కాదు. నవ్వొచ్చింది ఆర్డిస్‌కి, ఆ నవ్వు కింద ఒళ్ళు మండిపోయింది, ఆ మంట వేళ్ళదాకా వచ్చి మళ్ళీ వేళ్ళు తనవయ్యాయి.

"ఐనర్ కిటికీలోంచి ఏం కనపడుతుందో చూశావా నువ్వు?" అన్నాడు మెల్విన్. "కార్లు. రోజంతా కార్లు."

"నేను మంచులో పడుకుని ఏం చూశానో ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. ఇప్పుడు కూడా అడగలేదు.

"పొగ. గడ్డకట్టిన సరస్సు మీద నువ్వు చేపలు పడుతూ కూర్చున్న గుడిసె గొట్టంలోంచి పొగ. పొద్దు వాలేదాకా అదే చూస్తూ పడుకున్నాను, మెల్. అంత దగ్గర."

కర్ర కొసన మంచు మళ్ళీ పేరుకుంటోంది, ఈసారి అతను ముంచలేదు. అతన్ని చూస్తే జాలేసింది, అదే చిక్కు, ఎప్పుడూ జాలేస్తుంది, ఆ జాలి పట్టుకునే ఇన్ని చలికాలాలు ఇక్కడ నిలిచిపోయింది, అతని భయం తనకి అర్థమవుతుంది, ఆ కార్లూ ఆ మురికి మంచూ తనూ చూసింది, కానీ తన భయం అతనికి అర్థం కావడానికి ఈ నడిసరస్సు దాకా రావలసొచ్చింది, అయిందో లేదో ఇప్పుడు కూడా. సూర్యుడు చెట్ల కొసల్ని ముట్టుకున్నాడు. ఇంకాసేపు ఉంటుంది వెలుగు. అన్నదమ్ములు ఒప్పుకున్న ఆ ఒక్క సంగతి గుర్తొచ్చింది.

తెడ్లు లోపలికి లాగి పెట్టింది. లే, అంది. అతనికి అర్థం కాలేదు, లే మెల్, ఇటురా, నేనటు వస్తాను, అని పడవ అంచు పట్టుకుని వంగి నిలబడింది, పడవ ఊగింది, తుంటిలో మేకులు కలుక్కుమన్నాయి, అతను ఎడమ చెయ్యి ఆనించలేక కుడిచేత్తో ఆమె నడుం పట్టుకున్నాడు, ఒకరినొకరు పట్టుకుని, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతూ, చచ్చేంత భయంగా అటువాళ్ళిటు ఇటువాళ్ళటు మారారు. వెనక బల్ల మీద కూర్చోగానే మొదటిసారిగా పడవ పోయే దిక్కు కనపడింది ఆమెకి, ఇంత వెడల్పా ఈ నీళ్ళు అనిపించింది. కోటు లోపలి జేబులోంచి ఐనర్ ఎర తీసింది. ఎర్రటి తల, ఒంటికన్ను. మెల్విన్ దాన్ని చూశాడు, నవ్వలేదు, కనుబొమ్మ కూడా లేవలేదు. మొద్దు ఎరని దారంనుంచి విప్పి పడవ అడుగున పడేసి దీన్ని కట్టింది, బెరడుముక్కలు ఒక్కొక్కటే ఊడదీసి నీళ్ళలోకి విసిరింది, మొదటి ముల్లు బొటనవేలి గోరు మీద ఆనించి లాగింది. దిగింది. చటుక్కున దిగి ఆగిపోయింది.

"తొయ్యి," అంది. "నా కుడికి, నీ కుడికి కాదు."

భుజం ఒప్పుకోదు, తిన్నగా పోదు, నీకు తెలుసు కదా, ఉన్నచోటే తిరుగుతుంది, అన్నాడు మెల్విన్. తెలుసంది. తెడ్లు పట్టుకున్నాడు. వంగాడు, లాగాడు. కుడి తెడ్డు బలంగా, ఎడమ తెడ్డు నామమాత్రంగా, పడవ ముక్కు మెల్లగా పక్కకి తిరిగింది, మళ్ళీ లాగితే ఇంకా తిరిగింది, శిఖరం చెట్టు వెనకనుంచి బయటికొచ్చి, గట్టంతా ఒక చుట్టు చుట్టి, మళ్ళీ చెట్టు దగ్గరికే వచ్చింది. రాళ్ళగూడు చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది పడవ, వెనక ఒంటికన్ను ఎర తిరుగుతోంది, ఆమెకి కావలసింది కూడా అంతకన్నా ఏం లేదు. అతను తల ఎత్తి ఆమె మొహం చూశాడు, ఆ బల్ల మీద కూర్చుంటే చూడటానికి ఇంకేం ఉండదు.

"ఆగు," అంది ఆర్డిస్. ఆగాడు.